రొట్టె వంతు

అమెరికా దొరసాని ఒకామె శుక్రవారం తెలుగు ప్రార్థనకు వస్తోందనీ, ఆమెను పట్టుకొస్తున్నది ఆనందమ్మేననీ, అందుకు బదులుగా సంఘంవాళ్ళు ఆనందమ్మకు రొట్టె వంతు ఇవ్వబోతున్నారనీ డ్రైవరు ఖాసిం వలి పక్కింటి మస్తాన్ బీకి చెప్పాడట. ఖాసిం వలికి ఎవరు చెప్పారో అతనికే గుర్తులేదు. కువైట్‌లో ఈ సల్వా వీధుల్లో మాట అలాగే నడుస్తుంది. ఒక ఇంటి వెనక గుమ్మం నుంచి చెత్త డబ్బా దగ్గరికి, అక్కణ్ణుంచి ఇంకో ఇంటి వెనక గుమ్మానికి.

"ఏం మే ఆనందమ్మా, నిజమేనా?" అంది మస్తాన్ బీ, సంచి డబ్బాలోకి విసురుతూ. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. "దొరసానిని చూపిచ్చి రొట్టెల పని సంపాదిస్తాండావంట. పొద్దన లేసినకాడ్నుంచి మామాకి రొట్టెలు కాల్చేది సాల్లేదా నీకి? సెలవ నాడు గూడా కాల్చల్లనా?"

"అది వేరే రొట్టె, బీ."

"పిండి వేరేనా?"

"పిండి అదే."

"మరి ఇంగేంది మే?"

ఆనందమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. చెప్పాలంటే చాలా ఉంది. పొద్దుటి నుంచి మామా ఇంట్లో, అంటే యజమానురాలి ఇంట్లో, కార్పెట్లు దులిపి ఉంది. చెప్పే ఓపిక లేదు.

ఆ రొట్టె సంగతి ఇది. కువైట్ సిటీలో ఒక చర్చి ఆవరణ ఉంది. శుక్రవారం అక్కడ గదికొక భాష. మలయాళం వాళ్ళు ఖాళీ చేస్తే తమిళం వాళ్ళు చేరతారు. మేడమీద హబ్షీ వాళ్ళు, అంటే ఇథియోపియా వాళ్ళు, డప్పు కొడుతుంటే కింద తెలుగువాళ్ళు కంజీర వాయిస్తుంటారు. తెలుగు సంఘంలో ప్రభువు బల్ల మీద పెట్టే రొట్టెను బజారులో కొనరు. ఆడవాళ్ళే వంతులవారీగా, పిండి పులవకుండా, ఇంట్లో కాల్చి తెల్లగుడ్డలో చుట్టి తెస్తారు. వంతు వచ్చినామె ఆ వారం ముందు వరసలో కూర్చుంటుంది. పెద్దగారు ఆమె పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. అంతే. దానివల్ల జీతం పెరగదు, మోకాళ్ళ నొప్పి తగ్గదు. అయినా కువైట్ వచ్చినప్పటి నుంచీ ఆనందమ్మ సంఘాన్ని అడిగింది అదొక్కటే. రానిదీ అదొక్కటే.

"నీకు సొంత వంటిల్లు లేదు గదా ఆనందమ్మా" అనేది కేథరిన్. కేథరిన్ ఆసుపత్రిలో నర్సు, సంఘపెద్ద రత్నరాజు భార్య. వంతులు వేసేది ఆమే. "మామా వంటింట్లో చేసిందాన్ని ప్రభువు బల్ల మీదికి ఎలా తెస్తాం, నువ్వే చెప్పు?"

నిజమే కాబోలు అనుకుంది ఆనందమ్మ. తర్వాత నిస్సీ వచ్చింది. నిస్సీ కూడా సల్వాలో పనిమనిషే. ఆమెకూ మామా వంటిల్లే దిక్కు. వచ్చిన కొద్దిరోజులకే నిస్సీ తెల్లగుడ్డ మూటతో ముందు వరసలో కూర్చుంది. నిస్సీ వాళ్ళదీ కేథరిన్ వాళ్ళదీ నరసాపురం వైపు ఒకే పేట. ఆనందమ్మదీ ఆ దగ్గరి ఊరి పేటే. కానీ పేటలోనూ ముందు వీధి ఉంటుంది, వెనక వీధి ఉంటుంది. ఆనందమ్మ తాత వెనక వీధిలో చెప్పులు కుట్టేవాడు. సముద్రం దాటి ఎడారికి వచ్చినా ఆ వీధులు ఎవరూ మరిచిపోలేదు. నోటితో మాత్రం అనరు. సంఘంలో అందరం ఒక్కటే అని వారం వారం మైకులో వినబడుతుంది.

వంటింటి సాకు పోయింది అమెరికా వాళ్ళ వల్ల.

ఆనందమ్మ పనిచేసే ఇంటి మామా ముసలామె. భర్త పోయాక మేడమీద వాటా అద్దెకిచ్చింది. అందులోకి రొషెల్ అనే టీచరు, ఆమె కూతురు నయోమి దిగారు. దగ్గర్లోని అమెరికా బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చింది రొషెల్. "పైన కూడా కాస్త చూడు, యా ఆనంద" అంది మామా, ఆనందమ్మ ఒళ్ళు కూడా అద్దెలో కలిపేసి. అలా కింది పనికి పైపని తోడైంది, మోకాళ్ళకు మెట్లు తోడయ్యాయి.

మొదటిరోజు తలుపు కొడితే తీసిన మనిషి ఆనందమ్మ కన్నా నాలుగాకులు ఎక్కువ నలుపు. జుట్టు చిన్న చిన్న జడలు. చేతిలో చీపురు.

"మేడమ్ ఎక్కడ?" అని అడిగింది ఆనందమ్మ.

"నేనే" అందామె, చీపురు గోడకు ఆనించి. కోపం లేదు, నవ్వూ లేదు. రోజూ తాగే కాఫీ తాగినట్టు అంది.

జమియా దుకాణంలో సరుకులకు వెళ్ళినా అదే. డబ్బు కట్టే చోట కుర్రాడు "మీ మామా ఎక్కడ?" అంటాడు. ఈ ఊళ్ళో జీతం పాసుపోర్టును చూసి ఇస్తారు, మర్యాద ఒంటి రంగును చూసి ఇస్తారు. రొషెల్‌కి మొదటిది దండిగా దొరికేది, రెండోది పాసుపోర్టు తీసి చూపించాక దొరికేది.

నయోమికి ఏడేళ్ళు. ఆనందమ్మను 'మిస్ ఆనంద' అని పిలిచేది. వాళ్ళ వైపు పిల్లలు పెద్దవాళ్ళను ఉత్త పేరుతో పిలిస్తే తల్లి చెవి మెలేస్తుందట. కువైట్‌లో ఆనందమ్మ 'యా ఆనంద' అయింది, 'యా బింత్', అంటే 'ఓ పిల్లా', అయింది, ఒక్కోసారి ఉత్త చప్పట్లయింది. పేరుకు ముందు మర్యాద తగిలించి పిలిచిన నోరు ఈ పిల్లదే. మెట్లెక్కే బాధ ఆ పిలుపుతో కొంచెం తగ్గేది. అబద్ధమెందుకు, కొంచెమే.

మధ్యాహ్నం పూట బడి నుంచి వచ్చాక తల్లి కూతురికి కథ చెప్పేది. ఆనందమ్మ ఇస్త్రీ చేస్తూ వినేది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు సగం అరబ్బీ. అయినా రొషెల్ టీచరు గనక నెమ్మదిగా, తెలిసేలా చెప్పేది.

"ముత్తమ్మమ్మ బూట్లు చెప్పు" అనేది నయోమి ఎప్పుడూ.

"ముత్తమ్మమ్మ నీ అంత ఉన్నప్పుడు వాళ్ళింట్లో అందరూ పత్తి తీసేవాళ్ళు. అలబామాలో. చేను వాళ్ళది కాదు, ఉన్న గుడిసె వాళ్ళది కాదు, తీసిన పత్తీ వాళ్ళది కాదు. ఆ పిల్లకు బడికెళ్ళడానికి బూట్లు కావాల్సొచ్చాయి. తెల్ల పిల్లలు కొట్లో దర్జాగా కూర్చుని కాలు పెట్టి చూసుకునేవాళ్ళు. మనవాళ్ళు పెట్టకూడదు. నల్ల కాలు దూరిన బూటు ఇంకెవరూ కొనరని కొట్టువాడి భయం."

"అప్పుడు వాళ్ళమ్మ?"

"కాగితం సంచి ఒకటి చింపి నేలమీద పరిచింది. దాని మీద పిల్లను నిలబెట్టి పెన్సిలుతో పాదం చుట్టూ గీసింది. కత్తిరించి ఇస్తే, ఆ కాగితం కాలు పట్టుకుని వాళ్ళ నాన్న కొట్టుకెళ్ళాడు."

"సరిపోయాయా?" నయోమికి జవాబు తెలుసు. అయినా ప్రతిసారీ, ఈసారైనా సరిపోతాయేమోనన్నట్టు అడిగేది.

"లేదు. వెనక్కి తీసుకోరు. వేళ్ళు ముడుచుకుని ఆ చలికాలమంతా అవే తొడుక్కుని నడిచింది. తర్వాత ఆమె టీచరైంది. వేళ్ళు మాత్రం వంకరగానే ఉండిపోయాయి. నేను చూశాను."

ఒకరోజు ఆనందమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అడక్కుండానే తన సంగతి చెప్పింది. "మా తాత చెప్పులు కుట్టేవోడు. ఊరందరికీ. పెద్దవీధిలోకి ఎల్తే తన చెప్పులు ఇప్పి చేత్తో పట్టుకోవాల." మాటలు చాలక చేతులతో చూపించింది.

"తను కుట్టినవేనా?" అంది నయోమి.

"తను కుట్టినవే."

"వాళ్ళు తెల్లవాళ్ళా?"

"కాదు. నాలాగే ఉంటారు. కొంతమంది నాకన్నా నలుపు."

నయోమి తన కాళ్ళ వైపు చూసుకుంది. "మరి ఎవరు చెప్పులు విప్పాలో ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తాది" అంది ఆనందమ్మ. ఎలాగో చెప్పడం ఆమెకు తెలుగులో కూడా చేతకాదు.

అలా మాటల్లోనే ఎప్పుడో రొట్టె వంతు గురించి బయటపడింది. "వంటిల్లే కదా, నాది వాడుకో" అంది రొషెల్, అదొక పెద్ద విషయమే కానట్టు.

ఆ శుక్రవారమే ఆనందమ్మ కేథరిన్ దగ్గరికెళ్ళింది. "సిస్టరు గారండీ, వంటిల్లు దొరికిందండి. మా మేడమీద అమెరికా టీచరు గారు ఇత్తానన్నారు. ఆరూ మనలాగే విశ్వాసులండి."

కేథరిన్ కళ్ళు పెద్దవయ్యాయి. "అమెరికా ఆవిడా? మీ ఇంటి మీదా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం? తీసుకురా ఆనందమ్మా! మావారితో చెప్తాను. స్పెషల్ గెస్టుగా పిలుద్దాం."

"మరి రొట్టె..."

"ఆవిణ్ణి రానీ. చూద్దాం."

చూద్దాం అనే మాట అంత దగ్గరగా ఇంతకుముందెప్పుడూ వినలేదు. రత్నరాజు కూడా వచ్చి, ఆవిడ ఏం చదువుకుంది, మన పాటలు నచ్చుతాయా, కారం తింటుందా అని అన్నీ అడిగాడు. ఆవిడ రంగు ఎవరూ అడగలేదు. అమెరికా అంటే ఏ రంగో వాళ్ళ మనసులో ముందే పడిపోయి ఉంది. ఆనందమ్మ ఆ రంగును చెరపలేదు. మరిచిపోయి కాదు. చెబితే ఈ 'చూద్దాం' కూడా పోతుందని భయపడింది. కళ్ళతో చూశాక ఇక వెనక్కి పంపలేరు గదా అని లెక్కేసుకుంది. తలుపు దగ్గర తను పక్కనుంటే ఏ తేడా రాదనుకుంది.

"పొడుగు గౌను వేసుకోండి. తల మీద గుడ్డ కప్పుకోండి. మా ఆడోళ్ళం అలాగే కూకుంటాం" అని రొషెల్‌కి చెప్పి పెట్టింది.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున బయల్దేరుతుంటే మామా కూతుళ్ళు చెప్పాపెట్టకుండా పిల్లలతో దిగారు. "అన్నం వండి పో" అంది మామా. వండి పో అంటే వడ్డించి పో. వడ్డించి పో అంటే కడిగి పో. రొషెల్ కిందికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. నీలం గౌను, తలకు పూల గుడ్డ. నయోమి తెల్ల మేజోళ్ళు వేసుకుంది.

"మీరు ముందెల్లండి. గుమ్మం కాడ అడగండి, తెలుగు అని. మీకోసం కుర్చీ ఏసుంటారు" అంది ఆనందమ్మ, చేతులకు మసాలాతో.

ఆమె చివరికి చర్చి ఆవరణలో అడుగుపెట్టేసరికి చీర నడుముకు అంటుకుపోయింది. వచ్చేశామని రొషెల్ ఎప్పుడో మెసేజ్ పెట్టింది. లోపల పాట అయిపోతోంది. మైకులో రత్నరాజు గొంతు: "మన అమెరికా అతిథి గారు ట్రాఫిక్‌లో ఉన్నట్టున్నారు. ఆవిడ వచ్చేదాకా ఇంకొక పాట పాడుకుందాం."

ఆనందమ్మ గుమ్మంలో ఆగిపోయింది. స్టేజీ మీద పెద్దగారి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ. దానిమీద కొత్త తువ్వాలు, ఎదుట స్టూలు మీద నీళ్ళ సీసా, పూలదండ. కుర్చీ ఖాళీ.

తలుపు దగ్గర వచ్చినవాళ్ళకు వందనాలు చెప్పే పని జోనాథన్‌ది. అతను రత్నరాజు తమ్ముడు, ఏసీలు బాగుచేస్తాడు.

"ఏవయ్యా, ఆరు వచ్చి చాలాసేపయింది గదా?"

"ఎవరండీ?"

"అమెరికా టీచరు గారు."

"ఇంకా రాలేదండి. వస్తే నాకు తెలీదేంటి? నేనిక్కణ్ణుంచి కదిలితే ఒట్టు." అతను నవ్వాడు. "ఒక హబ్షీ ఆవిడ మాత్రం పిల్లనేసుకొచ్చింది. మీ ప్రార్థన మేడమీద అన్నాను. కాదు, తెలుగే అంది. ఇంగ్లీషులో ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? వదిన చూసి, సరేలే, వడ్డనకి చెయ్యిసాయం ఉంటుందని వెనక్కి పంపింది."

ఆనందమ్మ గది వెనక్కి నడిచింది. పరుగెత్తాలని ఉంది, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

అడ్డం కట్టిన దుప్పటి వెనకాల రొషెల్ పీట మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. నయోమి కాగితం ప్లేట్లలో నిమ్మచెక్కలు పెడుతోంది. మేజోళ్ళ మీద పసుపు నీళ్ళు చిందాయి. మైకులో రత్నరాజు ఇంకో పాట ఎత్తుకున్నాడు, వీళ్ళ కోసమే.

"మేడమ్" అంది ఆనందమ్మ. పీట ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

రొషెల్ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లే కావచ్చు. "మొదట, మీవాళ్ళు అతిథిని సొంతమనిషిలా చూస్తారేమో అనుకున్నాను" అంది. "తర్వాత అర్థమైంది. మా ఊళ్ళో కూడా నేను బడి గేటు దగ్గర నిలబడితే ఊడ్చడానికి వచ్చానంటారు. నాకు కొత్త కాదులే. అలసటే ప్రతిసారీ కొత్తగా వస్తుంది."

"మిస్ ఆనంద" అంది నయోమి. "మేం వస్తున్నామని నువ్వు వీళ్ళకు చెప్పావు కదా?"

"చెప్పాను తల్లీ."

"మేం నల్లవాళ్ళమని చెప్పావా?"

ఆనందమ్మ పిల్ల మొహం చూడలేకపోయింది. ప్లేట్లో నిమ్మచెక్కల వైపు చూసింది.

"నయోమీ, చాలు" అంది రొషెల్.

దుప్పటి తొలగించి కేథరిన్ తొంగిచూసింది. "ఆనందమ్మా, ఏదీ మీ అమెరికా..." అనబోయి ఆగింది. ఆనందమ్మ ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడిందో చూసింది. పీట మీది మనిషిని చూసింది. చేతిలో కత్తిని చూసింది. వెనక్కి తిరిగి భర్తను కేకేసింది.

ఆ తర్వాత జరిగిన హడావుడి చెప్పుకుంటే సిగ్గు. రత్నరాజు పాట మధ్యలో ఆపి పరుగెత్తుకొచ్చాడు. సారీ మేడమ్ అని ఎన్నిసార్లన్నాడో అతనికే తెలియదు. రొషెల్ చేతులు కడుక్కుని, లేచి, తీసుకెళ్ళిన చోటికి వెళ్ళి తువ్వాలు కుర్చీలో కూర్చుంది. దండ వేస్తే వేయించుకుంది. మైకు ఇస్తే, "పాటలు బాగున్నాయి, థాంక్యూ" అని తిరిగి ఇచ్చేసింది. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. కొందరు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీశారు. నయోమి స్టేజీ ఎక్కనంది. వెనక చాప మీద, ఆనందమ్మకు కొంచెం దూరంగా కూర్చుంది. మామూలుగా అయితే ఒళ్ళోకి వచ్చేది.

భోజనాలకు ఉండలేదు వాళ్ళు. పాపకు నలతగా ఉందని చెప్పి రొషెల్ లేచింది. టాక్సీ దాకా ఆనందమ్మ వెళ్ళింది. "నేనే ముందు చెప్పాల్సిందండి" అంది.

"నాకు చెప్పి ఉండొచ్చు" అంది రొషెల్. "నేను రాకుండా ఉండేదాన్ని కాదు. నయోమిని మాత్రం ఇంట్లో వదిలి వచ్చేదాన్ని." తలుపు వేసుకుంది. పిల్ల అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టాక్సీ వెళ్ళిపోయింది. మిస్ ఆనంద అనే పిలుపు రాలేదు.

ఆనందమ్మ తిరిగొచ్చింది. ఆమె తినలేదని ఎవరూ గమనించలేదు. అన్నం గిన్నెలు వెనక కుళాయి దగ్గర పేరుకుని ఉన్నాయి. పని కనబడితే చేతులు వాటంతటవే వెళ్తాయి. కొంగు దోపుకుని తోమడానికి కూర్చుంది. నిస్సీ పక్కన కూర్చుని కడుగుతోంది. మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తుడిచి బోర్లిస్తున్నారు.

కేథరిన్ వచ్చింది. ఆమె వెనకే రత్నరాజు.

"ఆనందమ్మక్కా" అంది కేథరిన్. అక్క అన్న మాట ఆమె నోట అదే మొదలు. "లే, లే. నువ్వు తోముతావేంటి? ఆవిడ కోపంగా వెళ్ళారా?"

"తెలీదండి."

"తెలీక జరిగిందక్కా. ఆ తలగుడ్డ, ఆ గౌను చూసి ఎవరైనా పనిమనిషే అనుకుంటారు. అమెరికా అని ముందే తెలిస్తే అలా చేస్తామా?"

నిస్సీ చేతిలో గిన్నె ఆగింది. ఆమె కూడా తలగుడ్డ కట్టుకునే ఉంది.

"పోనీలే, జరిగిందేదో జరిగింది" అన్నాడు రత్నరాజు. "మళ్ళీ ఒకసారి తీసుకురండమ్మా ఆవిణ్ణి. ఈసారి నేనే కారేసుకుని వచ్చి తీసుకొస్తాను. మన సంఘం గురించి ఆవిడ నలుగురిలో చెడుగా చెప్పుకోకూడదు గదా."

"అవునక్కా" అని కేథరిన్ వంగి ఆనందమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆనందమ్మ సంఘంలోకి వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి ఆ భుజం మీద పడింది లేదు. "వచ్చే శుక్రవారం రొట్టె నీదే. ఆవిడ వంటింట్లోనే కాల్చు. ఇద్దరూ కలిసి తీసుకురండి. ముందు వరసలో కూర్చుందురు గాని. నేనే నీ పేరు రాసేశాను."

ఆనందమ్మ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. భుజం మీది చేతిని తియ్యలేదు, దానివైపు చూడనూ లేదు. చాలా అలసిపోయిన మనిషి గొంతుతో, కానీ అక్కడున్న అందరికీ వినబడేలా అడిగింది.

"పోయిన శుక్కురారం దాకా మాదిగదాన్నే గదమ్మా. ఇయ్యాల ఏవయ్యేను?"